ముందు గుమ్మానికి ఎదురుగా

పెదపాడు దాటి కొల్లేరు వైపు పోయే రోడ్డు పక్కన ఇప్పుడు దువ్విన తలలాగా నున్నగా, పచ్చగా కనిపించే ఆ నేలంతా మొన్నమొన్నటిదాకా చేపల చెరువు. గడ్డి నాటిన కొత్తలో బంతి గుంటలో పడితే అడుగునున్న శీలావతి చేప దాన్ని తోకతో బయటికి తన్నేసేదని ఎలీషా చెబుతాడు. ఎలీషా చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని కాసేపు ఎండలో ఆరబెడితే నిజం తేలుతుంది. అయితే ఆ గడ్డి మాత్రం అతను పెంచిందే. బురద గట్లు చదును చేయించి, ఉప్పు తేలిన చోటల్లా మంచినీళ్ళు పారించి, తొమ్మిది గుంటల గోల్ఫు మైదానంగా దాన్ని నిలబెట్టింది అతనే. అందులో తీసేయడానికి ఏమీ లేదు.

బుధవారం పొద్దున్నే ఎలీషా ఆఖరి గుంట చుట్టూ పట్టుగుడ్డలా కత్తిరించిన గడ్డి మీద మంచు దులుపుతున్నాడు. పొడుగాటి వెదురు గడను రెండు చేతులా పట్టుకుని, దోనె నడిపేవాడు నీళ్ళలో తిప్పినట్టు అడ్డంగా తిప్పుతుంటే, మంచుబొట్లు చెదిరి వెనకాల ముదురాకుపచ్చ చారలు పడుతున్నాయి. డెబ్బైకి దగ్గర పడుతున్నా నడుం వంగలేదు. వంగకపోవడానికి కారణం కొరమేను తలకాయ అని ఒకరికీ, ప్రార్థన అని ఒకరికీ, మనిషిని బట్టి చెబుతుంటాడు.

కాస్త దూరంలో అతని మనవరాలు నిస్సీ బంతులు కొడుతోంది. పట్నంలో ఆట నేర్చినవాళ్ళెవరైనా ఆ పిల్ల కర్ర ఊపడం చూస్తే ముందు నవ్వుతారు. ఎడమ మడమ లేస్తుంది. నడుం ముందు తిరుగుతుంది. చేతులు ఆఖర్న, ఎవరో గుర్తు చేసినట్టు వస్తాయి. అది విసురు వల వేసేవాడి ఒడుపు. కొల్లేట్లో మోకాటి లోతు నీళ్ళలో నిలబడి నేర్చుకున్న ఆ ఒడుపునే ఎలీషా దూరపు పట్నంలో ఒక పెద్ద క్లబ్బుకి పట్టుకుపోయి, జీవితమంతా దాంతోనే బతికి, తిరిగొచ్చి మనవరాలి చేతుల్లో పెట్టాడు. బంతి గాల్లోకి లేచాక నవ్వేవాళ్ళు ఎలాగూ ఆపేస్తారు.

నిస్సీ పోయిన నెలలో పరీక్ష ఆట నెగ్గి ప్రొఫెషనల్ అయింది. అంటే ఇక మీదట సరదాకి కాదు, వృత్తిగా ఆడుతుంది. శనివారం క్లబ్బు ప్రారంభం. ఆ రోజు ఏలూరు కళ్ళ డాక్టరు సత్యశ్రీ గారితో పోటీ పెట్టారు. ప్రొఫెషనల్ అనే పేరు మీద నిస్సీకి అదే మొదటి ఆట. అది చక్కగా జరిగితే క్లబ్బుకి కోచ్‌గా ఆమెనే పెట్టుకుంటానని యజమాని నరసింహరాజు గారు మాటిచ్చారు. తాడేపల్లిగూడెంలో ఆయనకు రైసు మిల్లులున్నాయి. మాటిస్తే తప్పే మనిషి కాదు, కాకపోతే ఆయన మాట ఇంకా నోట్లోనే ఉంది, కాగితం మీదికి రాలేదు.

మేనేజరు గోపీనాథ్ స్కూటీ మీద రెండు బోర్డులు కాళ్ళ మధ్య పెట్టుకుని వచ్చాడు. క్లబ్బు భవనానికి తూర్పు చూసే ముందు గుమ్మం ఉంది. గాజు తలుపులు, ఇత్తడి పిడులు, పైన వేలాడే బూడిద గుమ్మడికాయ. సిద్ధాంతి గారు జానెడు జరగాలన్నారని కట్టిన గోడ పడగొట్టి మళ్ళీ కట్టించిన గుమ్మం అది. 'సభ్యులు, అతిథులు' అన్న బోర్డు దానికి. రెండోది వెనక వంటింటి పక్క తలుపుకి. దాని మీద 'సిబ్బంది, కోచ్‌లు, కేడీలు' అని రాసుంది. కేడీలంటే ఆటగాళ్ళ బ్యాగులు మోసేవాళ్ళు.

స్టూలు ఊగుతోంది, కాస్త పట్టుకోండి మాస్టారూ అని గోపీనాథ్ పిలిచాడు. ఎలీషా గడ పక్కన పెట్టి వచ్చి పట్టుకున్నాడు. మేకు వంకర పోతే తన జేబులోంచి ఇంకోటి తీసిచ్చాడు. ముందు గుమ్మం బోర్డు కొట్టడం అయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూసి, ఎడమ పక్క కాస్త ఎత్తమన్నాడు. ఇప్పుడు సరిగ్గా ఉందన్నాడు.

నిస్సీ కర్ర భుజాన వేసుకుని వచ్చి రెండు బోర్డులూ చదివింది.

"ఇందులో మనం ఎవరం తాతయ్యా?"

"కోచ్‌లం. వంటింటి పక్క తలుపు మనది. వేడివేడి ముక్క ముందు మనకే తగులుద్ది. ఈ గుమ్మంలో వెళ్ళేవాళ్ళకి చల్లారిందే గతి."

గోపీనాథ్ నవ్వాడు. నిస్సీ నవ్వలేదు. అది చూసి గోపీనాథ్ కూడా నవ్వు మధ్యలో ఆపేసి, నాదేం లేదండీ, పెద్ద పెద్ద క్లబ్బుల్లో ఇలాగే ఉంటదంట, రాజుగారు చూసొచ్చి రాయించారండీ అని నేలకేసి చూస్తూ చెప్పాడు.

ఎలీషా మళ్ళీ గడ తీసుకుని గడ్డి మీదికి వెళ్ళాడు. ఈలోగా ఎండ ఎక్కి మంచంతా ఆరిపోయింది. అయినా చాలాసేపు ఆరిన గడ్డినే దులుపుతూ ఉండిపోయాడు.

శుక్రవారం సాయంత్రం ఎలీషా భార్య దేవకుమారి పెరట్లో రాయి ముందు కూర్చుని కొరమేనుకి బూడిద రాసి రుద్దుతోంది. ఒకటి కాదు, గంపెడు. ఇన్నెందుకే అని ఎలీషా అడిగితే, మనవరాలు అడిగింది, చేస్తున్నాను అంది. కొత్త వృత్తిలోకి దిగుతోంది కదా, పేటలో అందరికీ పెట్టాలనుకుంటోంది కాబోలు అని ఎలీషా తనకు తానే సమాధానం చెప్పుకుని మంచం వాల్చుకున్నాడు.

నిస్సీ వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, అమెరికావాడి సంగతి చెప్పమంది. ఆ కథ ఆ ఇంట్లో గోడలకు కూడా వచ్చు. కానీ అడిగితే కాదనడం ఎలీషా వల్ల కాదు.

నూరేళ్ళ కిందటి ముచ్చట. అమెరికాలో ఒక పేదింటి పిల్లవాడు బ్యాగులు మోస్తూ ఆట పట్టేశాడు. డబ్బుకి ఆడేవాళ్ళను ఆ రోజుల్లో క్లబ్బు లోపలికి రానిచ్చేవారు కాదు. కోటు మార్చుకోవాలన్నా కర్రలు బాగుచేసే కొట్టంలోనే. ఇతను అక్కడ పెద్ద ఆటగాడై, ఓడెక్కి ఇంగ్లండు పోటీకి వెళితే అక్కడా అదే మాటన్నారు. సరేనని ఊళ్ళోకల్లా పెద్ద కారు అద్దెకు తెచ్చి, క్లబ్బు ముందు గుమ్మానికి ఎదురుగా పెట్టించాడు. అందులోనే కోటు మార్చుకున్నాడు. అందులోనే భోంచేశాడు. ఇంతవరకూ కథ ఎలీషాకు ఎవరో చెప్పింది. ఇక్కడి నుంచి ఎలీషా సొంతం. పోయిన క్రిస్మసుకి ఆ కారు ఈడుపుగల్లు బస్సంత ఉండేది. ఈసారి ఏలూరు స్టేషను ప్లాట్‌ఫారం అంత అయింది. అందులో వంటవాళ్ళు, వింజామరలు వీచేవాళ్ళు, ఒక పక్కన బ్యాండుమేళం.

నిస్సీ వంటవాళ్ళ గురించి అడగలేదు. కారు సరిగ్గా గుమ్మానికి ఎదురుగా పెట్టాడా, కొంచెం పక్కగానా అని అడిగింది. వడ్డించింది ఎవరని అడిగింది. లేవమని ఎవరూ అనలేదా అని అడిగింది. ఇలాంటి ప్రశ్నలు వేస్తే కథ ఎలా నడుస్తుందని ఎలీషా విసుక్కుని, ఎదురుగానే పెట్టాడు, లోపలివాళ్ళకి మెతుకు గొంతు దిగకూడదు కదా అన్నాడు.

"ఆ రోజు ఆట గెలిచాడా?"

"అదొక్కటీ అడక్కు. చిత్తుగా ఓడిపోయాడు. రెండేళ్ళాగి మళ్ళీ వెళ్ళి గెలిచాడనుకో."

దేవకుమారి చేప మీంచి తలెత్తకుండానే అంది. "ఈయన మటుకు పట్నం క్లబ్బులో అన్నేళ్ళూ వెనక వరండాలోనే టీ తాగారు."

ఎలీషా మంచం మీద పక్కకి ఒత్తిగిలాడు. అక్కడ గాలి బాగా వచ్చేది అన్నాడు.

అంతలో కొడుకు అనిల్ కుమార్ ట్రాక్టరు వీధిలో ఆగింది. పెదవేగి పామాయిలు తోటల్లో గెలలు మోసే ట్రాక్టరు అది. వెనక ట్రక్కు నిండా నారింజ రంగు మరకలు. నిస్సీ తండ్రి దగ్గరికి వెళ్ళి ఇంజను పక్కన నిలబడి ఏదో చెప్పింది. అనిల్ కుమార్ ముందు తల అడ్డంగా ఊపాడు, తర్వాత తండ్రి మంచం వైపు చూశాడు, తర్వాత లుంగీ ఎగ్గట్టి గొట్టం పెట్టి ట్రక్కు కడగడం మొదలెట్టాడు. రేపు గెలలు లేవా అని ఎలీషా అరిస్తే, ఉన్నాయి నాన్నా, ముందు వేరే బాడుగ ఒకటి తగిలింది అన్నాడు.

శనివారం మైదానం గట్ల మీద ఏలూరు కార్లూ తాడేపల్లిగూడెం కార్లూ వరసగా నిలిచాయి. పొద్దున తొమ్మిది గుంటలు, భోజనాలయ్యాక మళ్ళీ తొమ్మిది. మొత్తం మీద ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వారిది ఆట. నిస్సీ బ్యాగు ఎలీషానే భుజానికెత్తుకున్నాడు. వయసు మీద పడింది, కేడీని పెట్టుకోండని గోపీనాథ్ అంటే, ఈ బ్యాగు బరువు నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు అన్నాడు.

సత్యశ్రీ గారు హైదరాబాదులో చాలా ఏళ్ళు ఆడిన మనిషి. కొలిచినట్టు కొడుతుంది, మాట తక్కువ. నిస్సీ వంక కన్నెత్తి చూసింది ఐదో గుంట దగ్గర. అక్కడ పాత చెరువు కాలువ అడ్డం వస్తుంది, కొల్లేటి గాలి ఎదురు కొడుతుంది. డాక్టరమ్మ కాలువకి ఇవతల భద్రంగా బంతి నిలిపి, అక్కణ్ణుంచి దాటించింది. నిస్సీ ఎలీషా వైపు చెయ్యి చాపింది. ఎలీషా ఏ కర్రా ఇవ్వకుండా గాలి వాసన చూసి, గాలి ఒక విసురు విసిరి తగ్గేదాకా ఆగి, అప్పుడు ఇచ్చాడు. మడమ లేచింది, నడుం తిరిగింది, చేతులు ఆఖర్న వచ్చాయి. బంతి కాలువ దాటి, అవతలి గట్టు మీద నిలబడ్డ కొంగలను లేపి, గుంటకు బారెడు దూరంలో ఆగింది. శామియానా కింద నరసింహరాజు గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"ఇదెవరు నేర్పారమ్మా?" అంది సత్యశ్రీ.

"వలండీ," అంది నిస్సీ.

తొమ్మిదో గుంట అయ్యేసరికి ఇద్దరివీ సమానం. జనమంతా మాట్లాడుకుంటూ గాజు తలుపుల్లోంచి లోపలికి వెళ్ళారు. ఎలీషా కాళ్ళు వాటంతట అవే భవనం పక్కగా తిరిగి వెనక్కి నడిచాయి. అక్కడ గ్యాసు బండల పక్కన స్టీలు బల్ల వేసి, రెండు పళ్ళాలు మూతలు పెట్టి ఉంచారు. అన్నం వేడిగానే ఉంది, అన్న మాట తప్పలేదు. అతను బ్యాగు దించి వెనక్కి తిరిగి చూస్తే నిస్సీ లేదు. ముందు వైపు నుంచి ట్రాక్టరు చప్పుడు వినబడింది. ఆ చప్పుడు అతనికి తెలుసు.

అతను మళ్ళీ బ్యాగెత్తుకుని ముందుకొచ్చేసరికి, కుర్చీలు తెచ్చిన ట్రాక్టరనుకుని వాచ్‌మన్ తనే గేటు బార్లా తీశాడు. అనిల్ కుమార్ కంకర దారిలో నెమ్మదిగా తోలుకొచ్చి, ట్రక్కుని సరిగ్గా ముందు గుమ్మానికి ఎదురుగా ఆపి ఇంజను కట్టేశాడు. ట్రక్కు తళతళలాడుతోంది. లోపల చాపలు, అరిటాకులు, నీళ్ళ కేన్లు. మధ్యలో దేవకుమారి చర్చికి కట్టే చీర కట్టుకుని, రాత్రి వండిన పులుసు దాకను ఒళ్ళో బిడ్డలా పట్టుకుని కూర్చుంది. నిస్సీ చక్రం మీద కాలేసి ఎక్కి, బూట్లు విప్పి, చేతులు కడుక్కుని ఆకు ముందు కూర్చుంది.

"రండి తాతయ్యా. చల్లారిపోద్ది."

ఎలీషా బ్యాగు దించకుండానే నిలబడ్డాడు. కోచ్ పని ఇంకా రాజుగారి నోట్లోనే ఉంది. పిల్ల దాన్ని చేతులారా తోసేసుకుంటోంది. అటకెక్కించిన పాత దోనె గురించి ఏళ్ళ తరబడి గొప్పలు చెబుతుంటే, ఎవరో దాన్ని దించి నిజంగానే నీళ్ళలోకి తోసినట్టుంది అతనికి. మునుగుతుందో తేలుతుందో తనకే తెలియదు. గాజు తలుపుల వెనక ముఖాలు ఇటే చూస్తున్నాయి. వెనక బల్ల మీద మూత పెట్టిన పళ్ళెం ఎలాగూ ఉంది.

అతను బ్యాగుని ట్రక్కు చక్రానికి ఆనించాడు. బూట్లు విప్పాడు. ఎక్కాడు.

ఈ వైపు ఎంతటివాడైనా విస్తరి ముందు కూర్చున్న మనిషిని లేవమనడు. కోర్టు అమీనా జప్తుకొచ్చినా మజ్జిగ పోసుకునేదాకా అరుగు మీద కూర్చుని ఆగుతాడు. అలాగే, తినేచోటికి మనిషి వస్తే భోంచేయమనకుండా ఎవరూ ఉండరు. ఈ రెండూ నిస్సీకి తెలుసని ఎలీషాకు అప్పుడు అర్థమైంది. అమెరికావాడి కథలో ఇవి లేవు.

ముందుగా వాచ్‌మన్ వచ్చాడు. బండి తీయించడానికి నోరు తెరిచాడు, ఆకులు చూసి మూశాడు. దేవకుమారి కూర్చో నాయనా అంది. కూర్చున్నాడు. వాచ్‌మన్ ఏమయ్యాడో చూడ్డానికి గోపీనాథ్ వచ్చాడు. ఏవండీ, ట్రాక్టరూ అని అనిల్ కుమార్ని అడగబోతే అతని నోటి నిండా ముద్ద ఉంది. ముందు తినండి బాబూ, మాట ఎక్కడికి పోద్ది అని దేవకుమారి ఇంకో ఆకు వేసింది. గోపీనాథ్ గాజు తలుపుల వైపు ఒకసారి చూసి, కొంచెమే వెయ్యండి అంటూ ట్రక్కు అంచున కూర్చున్నాడు. రెండోసారి అతనే అడిగి వేయించుకున్నాడు.

తర్వాత సత్యశ్రీ గారు బయటికొచ్చింది. నాతో ఆడే మనిషి బయట తింటుంటే లోపల నేనెవరితో తినాలండీ అని ఎవరినో అడుగుతున్నట్టు అని, ప్యాంటు అంచు పైకి లాగి చక్రం మీద కాలేసింది. ఆమె వెనకాల ఇంకో ఇద్దరు. పులుసు వాసన గాజు తలుపుల సందుల్లోంచి లోపలికి వెళ్ళి మనుషుల్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తోందని ఎలీషా తర్వాత చెప్పుకున్నాడు. అందులో సగం తీసేయనక్కర్లేదు.

ఆఖరికి నరసింహరాజు గారు వచ్చారు. తెల్ల బట్టల్లో ముఖం ఎర్రగా ఉంది. ప్రారంభం రోజున గుమ్మానికి ఎదురుగా ఏ అడ్డూ ఉండకూడదని సిద్ధాంతి గారు మరీ మరీ చెప్పారు. అక్కడ చూస్తే ట్రక్కంత అడ్డు. దాని మీద తన అతిథులు, తన గుమ్మం ముందు, ఇంకొకరి చేతి తిండి తింటున్నారు. ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగారు.

"ఏంటి ఎలీషా ఇది?"

అందరూ ఎలీషా నోటి వైపు చూశారు. అక్కడి నుంచి ఏదో ఒక కోత రావాలి. రాలేదు. అతను ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి, నడుం నిటారుగా పెట్టి, "భోజనం చేయండి రాజుగారూ" అన్నాడు.

రాజుగారు నిస్సీ వైపు తిరిగారు. ఆమె తలెత్తి, మెత్తగానే చెప్పింది.

"బోర్డుల మీద సభ్యులున్నారండీ, అతిథులున్నారు, కోచ్‌లున్నారు. ఆడటానికి వచ్చినవాళ్ళు ఎటు రావాలో లేదండీ. నేనివాళ ఆడటానికి వచ్చాను. అందుకని బయటే కూర్చున్నాం."

ఆయన వెనక్కి తిరిగి బోర్డు చదివారు. తను రాయించిందే, కొత్తగా చదువుతున్నట్టు చదివారు. ట్రక్కు మీద ఎవరూ నమలడం లేదు. కొల్లేటి గాలికి ఖాళీ ఆకు ఒకటి లేచి పడింది. రాజుగారు చెప్పులు విప్పి, అనిల్ కుమార్ భుజం పట్టుకుని ఎక్కి, ఎలీషా పక్కన కూర్చున్నారు.

దేవకుమారి ఆకు వేసి, తలకాయ ముక్క ఆయనకే వేసింది. ఆయన కలిపి, ఒక ముద్ద తిని, కాసేపు కళ్ళు మూసుకున్నారు.

"మామిడికాయా అమ్మా?"

"చింతకాయండి."

"ఇంకాస్త పులుసు వెయ్యండి," అన్నారు ఆయన. చుట్టూ నమలడం మళ్ళీ మొదలైంది.

తినడం అయ్యేసరికి కేన్లలో నీళ్ళు అయిపోయాయి. ఇంతమంది వస్తారని నిస్సీ కూడా అనుకోలేదు. రాజుగారు ఎంగిలి చెయ్యి ఎత్తిపట్టుకుని దిగి, లోపల బేసిన్లున్నాయి, రండి అని అందరితో కలిపి అనేసి ముందు నడిచారు. వాచ్‌మన్, గోపీనాథ్, డాక్టరమ్మ, అనిల్ కుమార్, దేవకుమారి, అందరూ చేతులు గాల్లో పెట్టుకుని పెళ్ళివారిలా వెనక నడిచారు.

ఎలీషా ఆఖర్న దిగాడు. గుమ్మం దాకా వచ్చాక కాళ్ళు పాత దారిలోనే పక్కకి తిరగబోయాయి. నిస్సీ మోచేత్తో గాజు తలుపు నెట్టి, వీపు ఆనించి తెరిచి పట్టుకుంది.

"రండి తాతయ్యా. చెయ్యి ఎండిపోతోంది."

అతను లోపలికి వెళ్ళాడు. చల్లగా ఉంది. కొత్త రంగు వాసన. బేసిను పైన అద్దంలో టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు కనబడితే, అతన్ని కాస్త సేపు చూశాడు. చేతులు కడిగి, సబ్బు రాసి, మళ్ళీ కడిగాడు. వాసన పోలేదు. తెల్ల తువ్వాలుతో తుడుచుకుంటే దాని మీద పసుపు మరక పడింది. తువ్వాలుని మరక పైకి కనబడేలా మడిచి, తీసిన చోటే పెట్టాడు. వచ్చిన గుమ్మంలోంచే బయటికి నడిచాడు. అక్కడ ఒక్క క్షణం ఆగి, పైకి చూసి, మునివేళ్ళ మీద లేచి, బోర్డు ఎడమ మూలని వేలితో కిందికి లాగాడు. ఒక కన్ను మూసి చూశాడు. వంకరగా ఉంది. బ్యాగెత్తుకున్నాడు.

మధ్యాహ్నం ఆటలో నిస్సీ ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయింది. డాక్టరమ్మ ఒక ముక్క తక్కువ తినడం వల్లే అలా జరిగిందని ఎలీషా తీర్పు చెప్పాడు. అమెరికావాడూ ఆ ఏడు ఓడిపోయాడని నిస్సీ గుర్తు చేసింది. సోమవారం పొద్దున ఆమె బ్యాగు భుజాన వేసుకుని గాజు తలుపు నెట్టుకుని వెళ్ళి రాజుగారి ముందు సంతకం పెట్టింది. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. బోర్డు వంకరగా ఉందని గోపీనాథ్ చూశాడు గానీ, స్టూలు పట్టుకునేవాళ్ళు ఎవరూ దొరకలేదు.

ఎలీషా ఇప్పుడు అమెరికావాడి కథ చెప్పడం మానేశాడు. అంతకంటే మంచిది దొరికింది. పోయిన వారం అతని కథలో ట్రక్కు ఒకటే. ఈ వారం రెండు ట్రక్కులు, వెనక ఐసు వ్యాను. కొరమేను మనిషెత్తు పెరిగింది. రాజుగారు ఏడుసార్లు పులుసు వేయించుకున్నారు. వినేవాళ్ళు నవ్వుతూ సగం సగం తీసేస్తుంటారు. అయితే గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు మారుతుంది. అక్కడ ఏమీ కలపడు. మనవరాలు తలుపు పట్టుకుంది, నేను లోపలికి వెళ్ళాను అని, అంతవరకే చెప్పి ఊరుకుంటాడు.